నానోట్యూబులకి ఆర్కా, లేజరా, సీవీడీనా? టోపీ ఎక్కడ లేస్తుందో చూసి ఎంచుకోండి

కార్బన్ నానోట్యూబులు (కార్బన్ అణువుల రేకుని చుట్టినట్టుండే అతి సన్నటి గొట్టాలు) పెంచాలి, ఆర్క్, లేజర్, సీవీడీ (వేడి మెటల్ కణాల మీద గ్యాస్‌ని విరగ్గొట్టి పెంచే పద్ధతి), వీటిలో ఏ మెథడ్ బెటర్ అని అడిగేవాళ్ళు దాదాపు అందరూ ముందు మెషిన్ గురించే అడుగుతారు, ఫర్నేస్ ఎంత వేడెక్కాలి, పంప్ ఏది, మొత్తం ఎంతవుతుంది అని. అది చివర్లో అడగాల్సిన ప్రశ్న అని నా గట్టి అభిప్రాయం. ముందు అడగాల్సింది ఏంటంటే, ట్యూబ్ పుట్టేటప్పుడు, అంటే మెటల్ కణం మీద మొదటి కార్బన్ టోపీ లేచే ఆ కాస్త టైమ్‌లో, మీ చేతిలో ఏ కంట్రోల్ ఉంటుంది? ట్యూబ్ ఎంత సన్నం, ఎన్ని గోడలు, మెటాలిక్కా సెమీకండక్టరా, ఇవన్నీ చాలావరకు అక్కడే తేలిపోతాయి. తర్వాత గ్యాస్ నాబ్ ఎంత తిప్పినా మారేది ఎక్కువగా పొడవు, పైన పట్టే మసి, అంతే.

అందుకే ఈ పోలిక మొత్తం ఆ కోణంలోనే రాస్తున్నా. ఎంటెక్ ప్రాజెక్ట్ కోసం చూస్తున్నవాళ్ళకి, పీహెచ్‌డీ మొదట్లో ల్యాబ్‌లో ఏ సెటప్ పెట్టాలా అని తలపట్టుకున్నవాళ్ళకి పనికొస్తుంది. పెంచే అవసరమే లేనివాళ్ళకి కూడా కింద ఒక మాట ఉంది.

ముందు పుట్టుక సంగతి

ఐరన్, కోబాల్ట్, నికెల్ లాంటి మెటల్ కణం ఒకటి, రెండు మూడు నానోమీటర్ల సైజుది, బాగా వేడిగా ఉందనుకోండి. మీథేనో ఎథిలీనో వచ్చి దాని మీద విరుగుతుంది, హైడ్రోజన్ ఎగిరిపోతుంది, కార్బన్ మాత్రం కణం లోపలికి కొంత, పైన కొంత తిరుగుతూ ఉంటుంది. కణం ఇముడ్చుకోగలిగినదానికంటే ఎక్కువ కార్బన్ చేరాక ఇక బయటపడక తప్పదు, సూపర్‌శాచురేషన్ అంటాం కదా, అదే. బయటపడ్డ కార్బన్ అణువులు పక్కపక్కన చేరి గ్రాఫీన్ (ఒక్క అణువు మందం కార్బన్ రేకు) తునక అవుతుంది, దాని అంచుల్లో ఉన్న కార్బన్‌లకి బాండ్లు తీరవు కాబట్టి మెటల్‌ని పట్టుకుని కూర్చుంటాయి. అన్నీ షడ్భుజాలే పడితే ఆ తునక చదునుగానే ఉంటుంది, మధ్యలో పంచభుజం పడ్డప్పుడల్లా కొంచెం వంగుతుంది, 6 పంచభుజాలు పడేసరికి సగం ఫుల్లరీన్ (బంతిలా మూసుకున్న కార్బన్ అణువు) ఆకారంలో టోపీ తయారవుతుంది (12 పడితే పూర్తిగా మూసుకుపోయి బంతి అయిపోతుంది, ఆయిలర్ లెక్క).

ఇప్పుడు రెండు దారులు. టోపీ నడినెత్తి మెటల్‌ని వదిలి పైకి లేచి, అంచు మాత్రం మెటల్‌ని వదలకుండా ఉంటే ఆ తర్వాత వచ్చే కార్బన్ అంతా అంచు దగ్గరే చేరుతుంది, టోపీ పైకి జరుగుతూ ఉంటుంది, కింద గోడ కడుతూ పోతుంది. అదే నానోట్యూబ్. టోపీ లేవలేదనుకోండి, ఆ కార్బన్ పొర కణం చుట్టూ మొత్తం అల్లుకుపోయి ఉల్లిపాయలా మూసేస్తుంది, ఆ కణం ఇక పని చెయ్యదు. కార్బన్ మరీ తొందరగా వచ్చి పడితే రెండోది జరుగుతుంది, టెంపరేచర్ చాలకపోయినా అదే, లేవడానికి ఓపిక ఉండదు. న్యూక్లియేషన్ స్టేజ్‌లో, అంటే ఈ పుట్టుక దశలో, మనం చేసే పనంతా ఈ పోటీలో మొదటి దారి గెలిచేలా చూడటమే. రైస్ యూనివర్సిటీలో స్మాలీ గ్రూప్ 1996లో దీనికి యార్ముల్క మెకానిజం అని పేరు పెట్టారు, యూదులు నెత్తిన పెట్టుకునే చిన్న టోపీ పేరు అది.

ఆ కణం పెరుగుదల టైమ్‌లో ద్రవమా ఘనమా అని చాలా ఏళ్ళు కొట్టుకున్నారు. 1964లో బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ సిలికాన్ తీగలు బంగారం బొట్టు కింద ఎలా పెరుగుతాయో చెప్పిన వీఎల్ఎస్ మోడల్‌నే, అంటే ఆవిరి, ద్రవం, ఘనం అన్న వరసనే, ఇక్కడికీ తెచ్చుకున్నారు. ఐరన్ కార్బన్ మిశ్రమం మామూలుగా 1150 డిగ్రీల దగ్గర కరగడం మొదలెడుతుంది, కణం మరీ చిన్నదైతే అంతకంటే బాగా తక్కువకే కరుగుతుంది, కాబట్టి ద్రవం అనుకోవడంలో తప్పు లేదు. కానీ 2008లో ఒసాకాలో యోషిదా వాళ్ళు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లోపలే ట్యూబులు పెంచి చూస్తే 600 డిగ్రీల చుట్టుపక్కల కణం స్ఫటికంగానే ఉంది, అది కూడా శుద్ధ ఐరన్ కాదు, సిమెంటైట్ అనే ఐరన్ కార్బైడ్. అంటే టెంపరేచర్‌ని బట్టి, మెటల్‌ని బట్టి రెండూ నిజమే.

సిమెంటైట్ అంటే గుర్తొచ్చింది, 2006లో జర్మనీలో డ్రెస్డెన్‌లో పౌఫ్లర్ బృందం 17వ శతాబ్దం నాటి డమాస్కస్ కత్తి ముక్కని యాసిడ్‌లో కరిగించి చూస్తే నానోట్యూబులు, వాటి లోపల సిమెంటైట్ తీగలు కనపడ్డాయని నేచర్‌లో రాశారు. అలాంటి కత్తులకి ఉక్కు దక్షిణ భారతం నుంచి వెళ్ళేది, మన నిజామాబాద్ వైపు కోనసముద్రం ఆ ఉక్కుకి పేరున్న ఊరు. ఆ కత్తి కోనసముద్రం ఉక్కుదే అని మాత్రం షేర్ చెయ్యకండి, అలా ఎవరూ చెప్పలేదు.

సరే, ఇక ఆప్షన్లు.

ఆర్క్: వేడి ఎక్కువ, చేతిలో కంట్రోల్ తక్కువ

1991లో జపాన్ సుకుబాలో ఎన్ఈసీ ల్యాబ్‌లో ఇజిమా చూసిన మల్టీవాల్ (ఒకదాంట్లో ఒకటిగా చాలా గోడలున్న) ట్యూబులు ఆర్క్‌లో, అంటే రెండు కడ్డీల మధ్య లేచే కరెంట్ మంటలో, పుట్టినవే. (బోలుగా ఉన్న కార్బన్ తీగల ఫొటోలు 1952లోనే రాదుష్కేవిచ్, లుక్యానోవిచ్ రష్యన్ జర్నల్‌లో వేశారు, 1976లో ఒబర్లిన్, ఎండో, కొయామా కూడా బెంజీన్ నుంచి పెంచినవి చూపించారు, ఎవరు మొదట అన్న గొడవ మనకొద్దు.) రెండు గ్రాఫైట్ కడ్డీలు, మధ్యలో ఓ మిల్లీమీటర్ గ్యాప్, హీలియం ప్రెజర్ సుమారు 500 టార్, 20 వోల్టుల దగ్గర 100 ఆంప్స్ దాకా కరెంట్. ఆనోడ్ ఆవిరైపోతుంది, క్యాథోడ్ మీద గడ్డ కడుతుంది. ఈ కండిషన్లలో గ్రాముల లెక్కన తియ్యొచ్చని 1992లో అదే ల్యాబ్‌లో ఎబ్బెసెన్, అజయన్ చూపించారు. ఛాంబర్ తెరిచి ఆ గడ్డ విరిచి చూస్తే బయట బూడిద రంగు గట్టి పెంకు, లోపల నల్లటి మెత్తని పీచు లాంటి పదార్థం, ట్యూబులుండేది ఆ లోపలి దాంట్లోనే, పెంకు పారెయ్యడమే.

విశేషం ఏంటంటే మల్టీవాల్‌కి ఆర్క్‌లో మెటలే అక్కర్లేదు. మూడు వేల డిగ్రీలు దాటిన వేడిలో కార్బన్ తనంతట తానే చుట్టుకుంటుంది. సింగిల్ వాల్ (ఒకే గోడ ఉన్నవి) కావాలంటే మాత్రం మెటల్ కలపాలి, 1993లో ఇజిమా, ఇచిహాషి ఐరన్‌తో, ఐబీఎం ఆల్మడెన్‌లో బెత్యూన్ వాళ్ళు కోబాల్ట్‌తో విడివిడిగా చేశారు, 1997లో ఫ్రాన్స్ మోంపెలియేలో జూర్నే వాళ్ళు నికెల్ యిట్రియం కలిపి దిగుబడి పెంచారు. ఇప్పటికీ ఆర్క్ సింగిల్ వాల్ అంటే నికెల్ యిట్రియమే. అప్పుడు మంచి సరుకు క్యాథోడ్ చుట్టూ కాలర్‌లా పట్టిన దాంట్లో ఉంటుంది, ఛాంబర్ గోడలకి సాలెగూడులా వేలాడుతూ కూడా ఉంటుంది.

ఇక్కడ న్యూక్లియేషన్ పూర్తిగా వేరే రకం. మెటల్, కార్బన్ రెండూ కలిసే ఆవిరవుతాయి, చల్లబడేటప్పుడు మెటల్ బొట్టు కార్బన్‌ని కరిగించుకుని గట్టిపడుతుంది, ఇంకా చల్లబడ్డాక ఆ కార్బన్ పైకి తన్నుకొస్తుంది, పది నానోమీటర్ల పైనున్న ఒకే బొట్టు మీద ఒకేసారి బోలెడు టోపీలు లేచి ఒక కట్టగా పెరుగుతాయి. అంటే ఇక్కడ కణం సైజుకి ట్యూబ్ సైజుకి నేరుగా సంబంధం లేదు, 1.4 నానోమీటర్ల దగ్గరే ఎక్కువ ట్యూబులు వస్తాయి, మీకు 0.8 కావాలన్నా 2 కావాలన్నా ఆర్క్ వినదు. కరెంట్, ప్రెజర్, మెటల్ మిక్స్, ఈ మూడే మీ చేతిలో ఉన్నవి. బదులుగా మీకు దక్కేది నాణ్యత, అంత వేడిలో పుట్టడం వల్ల గోడల్లో లోపాలు చాలా తక్కువ.

ఎవరికి: మిల్లీగ్రాముల్లో శుభ్రమైన గోడలున్న ట్యూబులు కొలతల కోసం కావాల్సినవాళ్ళకి, వెల్డింగ్ పవర్ సప్లై చేతికందుబాటులో ఉన్నవాళ్ళకి. ఎవరికి వద్దు: సబ్‌స్ట్రేట్ (కింద ఆధారంగా ఉండే పలక) మీద ఫలానా చోటే ట్యూబ్ మొలవాలి అనేవాళ్ళకి. ప్యూరిఫికేషన్ ఓపిక లేనివాళ్ళకి అసలే వద్దు, మసి, మెటల్ తీసెయ్యడానికి యాసిడ్‌లో ఉడకబెట్టే లోపు ఆ మంచి గోడలు సగం పాడవుతాయి.

లేజర్ గురించి రెండు మాటలే. 1995, 96లో స్మాలీ గ్రూప్ 1200 డిగ్రీల ఫర్నేస్‌లో కోబాల్ట్ నికెల్ కలిపిన గ్రాఫైట్ దిమ్మని ఆర్గాన్‌లో లేజర్‌తో కొట్టి 70 శాతానికి పైగా సింగిల్ వాల్ తీశారు. పుట్టుక ఆర్క్ లాంటిదే, కాకపోతే చుట్టూ ఫర్నేస్ ఉంది కాబట్టి చల్లబడే వేగం మీ చేతిలో ఉంటుంది, దాన్ని మారిస్తే డయామీటర్ కొంచెం జరుగుతుంది. లేజర్ ఆల్రెడీ ఉంటే సరే, దీనికోసం కొనాలంటే మాత్రం నేనైతే వద్దంటా.

సీవీడీ, సబ్‌స్ట్రేట్ మీద: కంట్రోల్ అంతా ఇక్కడే, తలనొప్పి కూడా

ఇందులో క్యాటలిస్ట్‌ని, అంటే ట్యూబ్‌ని పుట్టించే మెటల్ కణాల్ని, ముందే తయారు చేసుకుంటాం, తర్వాతే గ్యాస్ వస్తుంది. రెండూ వేరు వేరు స్టెప్పులు కావడమే దీని బలం. సిలికాన్ వేఫర్ మీద పది నానోమీటర్ల అల్యూమినా, దాని మీద ఒక నానోమీటర్ ఐరన్ వేస్తారు. హైడ్రోజన్‌లో 750 డిగ్రీలకి వేడి చేస్తే ఆ ఐరన్ పొర తామరాకు మీద నీళ్ళలా పొరగా నిలవలేక బొట్లు బొట్లుగా విడిపోతుంది. ఒక నానోమీటర్ పొర వేస్తే కొన్ని నానోమీటర్ల బొట్లు, పొర మందం పెంచితే బొట్లు పెద్దవి, ట్యూబులు లావు, గోడలు ఎక్కువ. ఇరవై ముప్ఫై నానోమీటర్లు దాటిన బొట్టు మీద ఇక ట్యూబ్ అనేకంటే ఫైబర్ అనడం నయం.

ఆ బొట్లు అలాగే ఉండిపోతే ఏ బాధా లేదు. వేడిలో చిన్న బొట్లు కరిగిపోతూ పెద్దవాటిని పెంచుతాయి, ఆస్ట్‌వాల్డ్ రైపెనింగ్, హైడ్రోజన్‌లో ఎక్కువసేపు నానబెట్టేవాళ్ళకి సింగిల్ వాల్ రాకపోవడానికి నాకు తెలిసి ఇదే నంబర్ వన్ కారణం. కాబట్టి క్యాటలిస్ట్ రెడీ అవ్వగానే గ్యాస్ పంపాలి, టీ తాగొచ్చి పంపుదాం అంటే కుదరదు. సపోర్ట్ కూడా అందుకే ముఖ్యం. అల్యూమినా ఐరన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, కదలనివ్వదు. సిలికా మీద ఐరన్ జరుగుతుంది, అదీ లేకుండా ఉత్త సిలికాన్ మీద వేస్తే సిలైసైడ్ అయిపోయి క్యాటలిస్టే ఉండదు. అల్యూమినాకి డబ్బు మిగులుద్దాం అని సిలికాతో సరిపెట్టుకోవద్దు, ఎత్తైన ఫారెస్ట్ (అడవిలా ఒత్తుగా నిటారుగా మొలిచిన ట్యూబులు) కావాలంటే అల్యూమినానే.

పట్టు గట్టిగా ఉంటే కణం కిందే ఉండి ట్యూబ్ పైకి పోతుంది, బేస్ గ్రోత్. పట్టు వదులైతే ట్యూబే కణాన్ని నెత్తిన పెట్టుకుని పోతుంది, టిప్ గ్రోత్. ఏది కావాలి అనేది పనిని బట్టి. పొట్టి ఫారెస్ట్, ఎలక్ట్రోడ్ మీద అంటుకుని ఉండాలి అంటే బేస్. ఒక్కొక్క ట్యూబ్ సెంటీమీటర్ల పొడవు పోవాలంటే టిప్, ఎందుకంటే కణం గ్యాస్ ప్రవాహంలో తేలుతూ ఉంటుంది కాబట్టి ఆకలి ఉండదు, 2013లో చింగ్వా యూనివర్సిటీలో వెయ్ ఫెయ్ బృందం తీసిన అర మీటర్ పైచిలుకు ట్యూబులు ఆ రకమే. టిప్‌లో ప్లాస్మా కలిపితే ట్యూబులు నిటారుగా నిలబడతాయి, 1998లో రెన్ వాళ్ళు నికెల్, ఎసిటిలీన్, అమ్మోనియాతో 666 డిగ్రీల లోపే గాజు మీద చేసి చూపించారు, గాజు కరగకుండా పెంచాలి అనుకునేవాళ్ళకి అదే దారి. కాకపోతే ఆ ట్యూబుల లోపల వెదురు కణుపుల్లా అడ్డగోడలుంటాయి, సన్నటి శుభ్రమైన ట్యూబులు ఆశించకండి.

గ్యాస్ ఎంపిక. మీథేన్ చాలా గట్టిది, 900 పైన కూడా తనంతట తాను పెద్దగా విరగదు, క్యాటలిస్ట్ మీదే విరుగుతుంది, కాబట్టి మసి తక్కువ, సింగిల్ వాల్‌కి మంచిది, 1998లో స్టాన్‌ఫర్డ్‌లో డై గ్రూప్ ప్యాటర్న్ చేసిన సిలికాన్ మీద 1000 డిగ్రీల్లో ఒక్కొక్క ట్యూబ్‌ని పెంచింది దీంతోనే. ఎథిలీన్ 750 దగ్గర ఫారెస్ట్‌కి ఫస్ట్ ఛాయిస్. ఎసిటిలీన్ దూకుడెక్కువ, తక్కువ టెంపరేచర్లో చక్కగా పని చేస్తుంది కానీ కాస్త ఎక్కువ పోతే కణాన్ని మూసేస్తుంది, పైన చెప్పిన ఉల్లిపాయ కథ. ఇథనాల్ నాకు ఇష్టం. 2002లో టోక్యోలో మారుయామా చూపించిన పద్ధతి, అందులోని ఆక్సిజన్ భాగం పనికిరాని కార్బన్‌ని ఎప్పటికప్పుడు కాల్చేస్తూ ఉంటుంది కాబట్టి 800 లోపే శుభ్రమైన సింగిల్ వాల్ వస్తుంది, పైగా సిలిండర్ గొడవ లేదు, బబ్లర్ (గ్యాస్‌ని ద్రవంలోంచి బుడగలుగా పంపే సీసా) చాలు. కొత్తగా మొదలెట్టేవాళ్ళు, సింగిల్ వాల్ కావాలనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని ఇథనాల్‌తో మొదలెట్టండి.

నీటి ఆవిరి గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. 2004లో జపాన్‌లో ఏఐఎస్టీ అనే పరిశోధన సంస్థలో హటా, ఇజిమా వాళ్ళు ఎథిలీన్‌లో వందల పీపీఎమ్ లెక్కలో నీటి ఆవిరి కలిపితే పది నిమిషాల్లో 2.5 మిల్లీమీటర్ల ఫారెస్ట్ లేచింది, కార్బన్ ప్యూరిటీ 99.98 శాతం. నీరు కణం మీద పట్టే పనికిరాని కార్బన్‌ని తీసేస్తుంది, బొట్లు ముదరడాన్ని కూడా ఆపుతుందని తర్వాత తేలింది. అంటే పుట్టుకకీ పనికొస్తుంది, చావు వాయిదా వెయ్యడానికీ పనికొస్తుంది. ఇదే విషయం తిరగేస్తే మన ప్రాబ్లం అవుతుంది. 2013లో మిషిగన్‌లో హార్ట్ గ్రూప్ తమ ల్యాబ్‌లో రన్ రన్‌కీ తేడా ఎందుకొస్తోందో లెక్కలేసి చూస్తే గదిలో తేమకి ఫారెస్ట్ ఎత్తుకి సంబంధం కనపడింది. వైజాగ్‌లోనో కాకినాడలోనో ల్యాబ్ పెట్టుకుని జూలైలో ఒక రకంగా, జనవరిలో ఇంకో రకంగా వస్తోంది అని జుట్టు పీక్కునేవాళ్ళు ముందు గోడకి ఒక హైగ్రోమీటర్ తగిలించి రీడింగ్ లాగ్‌బుక్‌లో రాయండి, ఫర్నేస్ ట్యూబ్ మూశాక, వేడి మొదలెట్టే ముందు కాసేపు ఆర్గాన్‌తో బాగా పర్జ్ చెయ్యండి, అంటే లోపలి గాలిని తోసెయ్యండి.

రన్ అయ్యాక ఏం చూడాలి? బోట్ (వేఫర్ పెట్టే పళ్ళెం) బయటకి లాగగానే వేఫర్ నల్లటి వెల్వెట్ గుడ్డలా, వెలుతురు మింగేసేలా ఉంటే ఫారెస్ట్ లేచినట్టే, ట్వీజర్ కొనతో అంచు మీద గీస్తే మెత్తగా చాపలా లేస్తుంది. బూడిద రంగులో అద్దంలా మెరుస్తోంది, గీస్తే పొడి రాలుతోంది అంటే అది అమార్ఫస్ (క్రమం లేని) కార్బన్ పొర. ఏ రంగూ మారకపోతే నిరాశపడి పారెయ్యకండి, సింగిల్ వాల్ పలచగా మొలిస్తే కంటికి కనపడదు.

ఫ్లోటింగ్ క్యాటలిస్ట్: మీ దగ్గర పెద్దగా డబ్బుల్లేకపోతే ఇదే

ఫెర్రోసీన్‌ని టోల్యుయీన్‌లోనో జైలీన్‌లోనో కరిగించి సిరింజ్ పంప్‌తో ఫర్నేస్‌లోకి వదలడం, అంతే. ఫెర్రోసీన్ విరిగి ఐరన్ గాల్లోనే కణాలు కడుతుంది, 800 డిగ్రీల చుట్టుపక్కల క్వార్ట్జ్ గోడ మీద మల్టీవాల్ ఫారెస్ట్ లేస్తుంది. ఈ–బీమ్ వద్దు, స్పట్టరింగ్ వద్దు (రెండూ పలచటి మెటల్ పొర వేసే పద్ధతులు), క్లీన్‌రూమ్ వద్దు. ఈ దారిలో మన దేశం ముందే ఉంది, 1997లో బెంగళూరులో సీఎన్ఆర్ రావు, సేన్, గోవిందరాజ్ ఫెర్రోసీన్ లాంటి మెటల్లోసీన్లని వేడి చేసి ట్యూబులు తీసి పబ్లిష్ చేశారు. జపాన్‌లో మేజో యూనివర్సిటీలో ముకుల్ కుమార్, ఆండో అయితే ఫెర్రోసీన్‌తో కర్పూరం వాడారు, అవును, హారతి కర్పూరమే, దాని అణువులో ఆక్సిజన్ ఉండటం వల్ల మసి తక్కువ పడుతుంది. కాలేజీ ప్రాజెక్టుకి ఇంతకంటే చవకైనది నాకు తెలీదు.

కంట్రోల్ ఎక్కడుంది అంటే టైమింగ్‌లో. ఐరన్ అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కణాలుగా పెరుగుతూనే ఉంటాయి, ఆగవు. కణం సరైన సైజులో ఉన్న ఆ కాస్త దూరంలోనే కార్బన్ దొరకాలి. ముందు దొరికితే కణం ఇంకా తయారవ్వలేదు, ఆలస్యమైతే లావైపోయింది. దీన్ని మీరు ఫర్నేస్ టెంపరేచర్ ప్రొఫైల్, గ్యాస్ ఫ్లో రేట్, ఈ రెండిటితోనే పట్టుకోవాలి, ఫర్నేస్ సెట్ పాయింట్ ఒక్కటే రాసి పేపర్ వేసేవాళ్ళ రిజల్ట్ వేరే ల్యాబ్‌లో రాకపోవడానికి సగం కారణం ఇదే. ఇందులో కొంచెం గంధకం కలిపితే, సాధారణంగా థియోఫీన్ రూపంలో, ఐరన్ ఉపరితలం మీద చేరి కణాలు ముదరడాన్ని తగ్గిస్తుంది, టోపీ లేవడానికి సాయం చేస్తుంది. 2004లో కేంబ్రిడ్జ్‌లో విండిల్ గ్రూప్ హైడ్రోజన్‌లో ఇథనాల్, ఫెర్రోసీన్, థియోఫీన్ కలిపి వెయ్యి డిగ్రీల పైన ఫర్నేస్ నుంచి నేరుగా దారం వడికింది ఈ పద్ధతిలోనే. గంధకం ఎక్కువైతే మాత్రం మొత్తం చెడుతుంది, చిటికెడు కూడా ఎక్కువే.

లోటు ఏంటంటే ఐరన్ మిగిలిపోతుంది, ట్యూబుల లోపల కూడా ఇరుక్కుంటుంది, కణాల సైజులు రకరకాలుగా ఉంటాయి కాబట్టి డయామీటర్లు కూడా అలాగే చెదిరిపోతాయి.

కార్బన్ మోనాక్సైడ్ దారి: హిప్కో, కోమోక్యాట్

రెండిట్లోనూ కార్బన్ వచ్చేది రెండు కార్బన్ మోనాక్సైడ్‌లు కలిసి ఒక కార్బన్, ఒక కార్బన్ డయాక్సైడ్ అవ్వడం వల్ల. ఈ రియాక్షన్ మెటల్ మీదే నడుస్తుంది, గ్యాస్‌లో మసి కట్టదు, అందుకే సరుకు శుభ్రం. 1999లో రైస్‌లో వచ్చిన హిప్కోలో ఐరన్ కార్బొనిల్‌ని 30 నుంచి 50 అట్మాస్ఫియర్ల ప్రెజర్‌లో, వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల కార్బన్ మోనాక్సైడ్‌లోకి పంపుతారు, ఐరన్ కణాలు అప్పటికప్పుడు పుట్టి చిన్నగా ఉన్నప్పుడే టోపీ లేస్తుంది, కాబట్టి 0.7 నానోమీటర్ల దాకా సన్నటి ట్యూబులొస్తాయి. ఓక్లహోమా యూనివర్సిటీలో రెసాస్కో తెచ్చిన కోమోక్యాట్ తెలివైన ఐడియా, కోబాల్ట్‌ని మోలిబ్డినం పట్టుకుని ఉంచుతుంది, గ్యాస్ తగిలాకే కోబాల్ట్ చిన్న చిన్న గుంపులుగా విడుదలవుతుంది, ముదిరే టైమ్ దానికి ఉండదు, ఫలితంగా (6,5) రకం ట్యూబులు (రేకు ఎలా, ఎంత లావుగా చుట్టుకుందో చెప్పే రెండంకెలు అవి) మిగతావాటికంటే బాగా ఎక్కువ వస్తాయి. న్యూక్లియేషన్ అర్థం చేసుకుని డిజైన్ చేస్తే ఏమవుతుందో చూపించడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే.

కానీ ఇంట్లో, అంటే మన మామూలు ల్యాబుల్లో, వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ఐరన్ కార్బొనిల్ దానికి తక్కువ విషమేం కాదు, హై ప్రెజర్ అదనం. సరైన గ్యాస్ డిటెక్టర్లు, వెంటిలేటెడ్ క్యాబినెట్ లేకుండా దీని జోలికెళ్ళడం మూర్ఖత్వం. ఈ సరుకు కావాలంటే కొనుక్కోండి.

ఒకే చిరాలిటీ (రేకు చుట్టుకున్న తీరు) కావాలంటే?

టోపీలో పంచభుజాలు ఎక్కడెక్కడ పడ్డాయో దాన్ని బట్టి ఆ రెండంకెలు, (n,m), నిర్ణయమవుతాయి, కానీ ఒక టోపీకి ఇంకో టోపీకి ఎనర్జీ తేడా చాలా తక్కువ, వెయ్యి డిగ్రీల్లో ఆ తేడాని ఎవరు పట్టించుకుంటారు, అందుకే మామూలుగా అన్నీ కలగాపులగంగా వస్తాయి, మూడో వంతు మెటాలిక్, మిగతా రెండొంతులు సెమీకండక్టర్. పుట్టాక పెరిగే వేగంలోనూ తేడా ఉంది, 2009లో డింగ్, హరుత్యున్యన్, యాకబ్‌సన్ చెప్పినదాని ప్రకారం చిరల్ యాంగిల్ (రేకు చుట్టుకున్న కోణం) ఎక్కువుంటే వేగం ఎక్కువ, ఎందుకంటే అంచులో మెట్లు ఎక్కువ, కొత్త కార్బన్ కూర్చోడానికి చోటు ఎక్కువ. ఈ కలగాపులగాన్ని దాటడానికి కణాన్ని కరగనివ్వకుండా గట్టి స్ఫటికంగా ఉంచారు. 2014లో పెకింగ్ యూనివర్సిటీలో లీ యాన్ గ్రూప్ టంగ్‌స్టన్ కోబాల్ట్ మిశ్రమం మీద (12,6) ట్యూబులు 92 శాతానికి పైగా తీశారు, అదే ఏడాది ఇంకో బృందం ముందే తయారు చేసిన అణువుని ప్లాటినం మీద మడిచి (6,6) టోపీ చేసి అక్కడినుంచి పెంచింది. చదవడానికి అద్భుతం, కానీ పీహెచ్‌డీ మూడేళ్ళలో పూర్తి చెయ్యాలనుకునేవాళ్ళు దీన్ని మెయిన్ ఛాప్టర్‌గా పెట్టుకోకండి. కోమోక్యాట్ సరుకు కొని ద్రావణంలో వేరు చేసుకోవడం ఎన్నో రెట్లు సులువు.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

ట్రాన్సిస్టర్, సెన్సర్ లాంటి డివైస్ పని, ట్యూబ్ ఫలానా చోట ఉండాలి: సబ్‌స్ట్రేట్ సీవీడీ, మీథేన్ లేదా ఇథనాల్. ఫారెస్ట్ కావాలి, సూపర్‌కెపాసిటర్‌కో హీట్ కోసమో: అల్యూమినా మీద ఐరన్, ఎథిలీన్, వీలైతే నీటి ఆవిరి. న్యూక్లియేషన్ మీదే రీసెర్చ్ చేస్తున్నారంటే మళ్ళీ సబ్‌స్ట్రేట్ సీవీడీనే, ఎందుకంటే క్యాటలిస్ట్‌ని గ్యాస్ నుంచి విడదీసి చూడగలిగేది అందులోనే, గ్యాస్ మొదలయ్యాక గ్రోత్ కనపడే దాకా ఉండే ఆ ఆలస్యాన్ని కొలవగలిగేదీ అందులోనే.

ఎపాక్సీలో కలపాలి, రబ్బర్లో కలపాలి, బ్యాటరీ ఎలక్ట్రోడ్‌లో కండక్టివ్ అడిటివ్‌గా వెయ్యాలి అంటే దయచేసి పెంచకండి. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో టన్నుల్లో తీసే మల్టీవాల్ మార్కెట్లో దొరుకుతుంది, మీ ట్యూబ్ ఫర్నేస్‌లో నెల రోజులు కష్టపడితే వచ్చేది వాళ్ళ శాంపిల్ డబ్బాకి సరిపోదు. కొనేటప్పుడు ప్యూరిటీ శాతం ఒక్కటే చూసి మోసపోకండి, మిగిలింది ఏ మెటల్, ఎంత, ఏ సపోర్ట్ అని అడగండి, టీజీఏ గ్రాఫ్ (వేడి చేస్తుంటే బరువు ఎలా తగ్గిందో చూపేది) పంపమనండి. పొడి సరుకుతో పనిచేసేటప్పుడు ఫ్యూమ్ హుడ్, సరైన మాస్క్ తప్పనిసరి, 2014లో ఐఏఆర్సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) ఎండబ్ల్యూసీఎన్‌టీ–7 అనే ఒక రకం మల్టీవాల్‌ని క్యాన్సర్ తెప్పించే అవకాశం ఉన్న 2బీ గ్రూపులో పెట్టింది.

పెంచాక వచ్చింది నానోట్యూబేనా కాదా అన్నది ఎస్ఈఎమ్ (పైపైన చూపించే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఒక్కటే చూసి తేల్చకండి, అందులో ఫైబర్ కూడా ట్యూబ్ లాగే కనపడుతుంది, బోలుగా ఉందో లేదో టీఈఎమ్‌లోనే (లోపలి దాకా చూపించే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) తెలుస్తుంది. రామన్‌లో (లేజర్ వెలుగు ఎలా చెదిరిందో కొలిచే పరీక్ష) సింగిల్ వాల్‌కి తక్కువ వేవ్‌నంబర్ దగ్గర ఆర్బీఎమ్ (ట్యూబ్ ఊపిరి తీసినట్టు లావై సన్నమయ్యే కంపనం) పీక్ చూడండి, 248ని ఆ పీక్ నంబర్‌తో భాగిస్తే డయామీటర్ సుమారుగా నానోమీటర్లలో వస్తుంది, 177 దగ్గర పీక్ ఉంటే 1.4 అన్నమాట. పీక్ కనపడలేదని సింగిల్ వాల్ లేదనుకోకండి, లేజర్ ఎనర్జీకి రెజొనెన్స్ కుదిరిన ట్యూబులే కనపడతాయి, 532 నానోమీటర్ల లేజర్‌తో ఏమీ రాకపోతే 633తో, కుదిరితే 785తో కూడా తీయించండి. క్యాటలిస్ట్ లేని ఖాళీ వేఫర్ ముక్క ఒకటి ప్రతి రన్‌లో పక్కన పెట్టండి, దాని మీద కూడా నల్లగా పడిందంటే మీ గ్యాస్ తనంతట తానే విరుగుతోంది, టెంపరేచరో గ్యాస్ ఫ్లోనో తగ్గించి మళ్ళీ వెయ్యాలి.